పలకకు వదలని సందు

మొయినాబాద్ దగ్గర మా తోటలో, ట్రాక్టర్ పక్కన ఒక పాత తెరచాప పడవ ఉండేది. ఫౌజులో ఉన్నప్పుడు సికింద్రాబాద్‌లో పడవ నడపడం నేర్చుకున్నాను. రిటైరయ్యాక ఎవరో వదిలేసినదాన్ని తెచ్చుకున్నాను. గండిపేట చెరువు పక్కనే ఉన్నా అక్కడ దింపే వీలు లేదు, హుస్సేన్‌సాగర్‌కు ట్రాలీ మీద లాక్కుపోవాలి. నాకు పిచ్చి పట్టిందని ఇంట్లో అనేవాళ్లు. మా అమ్మాయికి కూడా పట్టాక అనడం మానేశారు.

ఆ ఏడాది పిల్లల పోటీల్లో తనకు ఆఖరి అవకాశం. మరుసటి ఏడు వయసు దాటిపోతుంది. అంతకుముందు రెండుసార్లూ రెండో స్థానంలోనే ఆగిపోయింది.

పోటీకి నెల ముందు పడవ అడుగు పలక కుళ్లిందని తెలిసింది. పడవ మధ్యలో నిలువునా ఒక ఇరుకు పెట్టె ఉంటుంది. అందులోంచి ఈ పలక ఒక బోల్టు మీద తిరుగుతూ నీళ్లలోకి దిగుతుంది. అది దిగకపోతే పడవ ముందుకు పోదు, గాలి తోసినకొద్దీ ఎండ్రకాయలా పక్కకు జరుగుతుంది.

చేవెళ్లలో వడ్రంగం చేసే ఒక వడ్ల పెద్దాయన ఉన్నాడు. ఒకప్పుడు నాగళ్లు, బండ్లు చేసేవాడు, ఇప్పుడు విల్లాలకు తలుపులు చేస్తున్నాడు. పడవ ఎన్నడూ చూడలేదు. పాత పలకను ఒళ్లో పెట్టుకుని తడిమి తడిమి చూసి, పదిరోజుల్లో టేకుతో కొత్తది చేసిచ్చాడు. పెట్టెలో పెట్టి ఊపితే అటూ ఇటూ కొంచెం ఆడింది. నాకు నచ్చలేదు. ఫౌజులో ఏదీ ఆడకూడదు.

"పటేలా, నీళ్లల్ల కట్టె ఉబ్బుతది. జర సందు ఉండనియ్యి," అన్నాడు.

మూడు పూతల పెయింటు వేస్తే చుక్క నీరు పట్టదని వాదించాను. ఆయన రెండోసారి చెప్పలేదు. అమ్మాయి స్కూల్లో ఉండగా పలకకు రెండు వైపులా పల్చటి చెక్క పట్టీలు నేనే అతికించి, పెయింటు వేశాను. బోల్టు పోయే రంధ్రం లోపల వేయడం మరిచిపోయాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. నీళ్లకు ఆ సంగతి తెలియదు.

పోటీ ముందురోజే పడవను నీళ్లలో దింపి కట్టేశాం. పొద్దున అమ్మాయి ఒక్కతే బయలుదేరి, పలక తాడు వదిలింది. పలక కాస్త దిగి బిగుసుకుపోయింది. తెడ్డు పిడితో పైనుంచి పొడవడం ఒడ్డు మీది నుంచి చూస్తూనే ఉన్నాను. మిగతా పడవలు గాలికి ఎదురెక్కి వెళ్లిపోయాయి. తన పడవ పక్కకు కొట్టుకుపోతుంటే మోటారు బోటు తాడేసి లాక్కొచ్చింది.

తను ఏడవలేదు. "పలక ఎవరు ఖరాబు చేసిన్రు డాడీ?" అని మాత్రం అడిగింది.

వడ్లాయన కొలత తప్పాడని చెప్పాను. ఆ మాట అంత తేలిగ్గా ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

మర్నాడు చేవెళ్ల పోదామని పట్టుబట్టింది. పలకను ఆయన ముందు పెట్టి, తన ఆఖరి పోటీ పోయిందని, కొలత ఎందుకు సరిగా చూసుకోలేదని నిలదీసింది. ఆయన పలకను తిప్పి చూశాడు. నా పట్టీల అంచు మీద వేలు పోనిచ్చాడు. రంధ్రంలో నల్లగా నానిన కట్టెనూ చూశాడు. నావైపు మాత్రం చూడలేదు.

"తప్పయింది బిడ్డా. సందు తక్కువ పెట్టిన," అన్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. కారులో కూర్చోమని తాళాలు తనకిచ్చాను. తను కారు దగ్గరికి వెళ్లాక ఆయన చిత్రిక తీశాడు, పలక అవతలి కొస పట్టుకొమ్మన్నాడు. పట్టుకున్నాను. నా పట్టీలు పొట్టు పొట్టుగా రాలిపోయాయి.

ఇప్పుడు మా అమ్మాయి పెద్దల పోటీల్లో గెలుస్తోంది. కట్టె పని ఏదున్నా శంకర్‌పల్లిలో వేరే వడ్లాయన దగ్గరికి తీసుకుపోతుంది. చేవెళ్ల పెద్దాయనకు పని రాదని పడవల వాళ్లందరికీ చెబుతుంది. నేను పక్కనే ఉండి వింటాను.