ఆ కాగితంలో నా పేరు

పాతికేళ్ళ కిందట, సెల్‌ఫోన్లు లేని రోజుల్లో, పిఠాపురంలో మా ముందుగదిలో మిషన్ కుట్టేదాన్ని. పక్క వాటాలో సత్తిబాబు అనే లారీ క్లీనరు ఒక్కడే ఉండేవాడు. నన్ను ‘అక్కా’ అని పిలిచేవాడు. తునిలో జరిగిన హత్య కేసులో పోలీసులు అతని కోసం వెతుకుతున్నారని తెలిసి హడలిపోయాను. ఒకరోజు పొద్దున్నే మా పెరట్లో పుల్లల పాకలో నక్కి కనిపించాడు. చప్పుడు చేయకుండా ఎదురింటికి వెళ్ళి స్టేషనుకి ఫోన్ చేసేశాను.

జీపు వచ్చింది. నేను తలుపేసుకుని కూర్చున్నాను. కాసేపటికి ఎస్సైగారు తలుపు తట్టారు. చేతిలో ఏదో కాగితం.

“అరెస్టు చేస్తే అయినవాళ్ళకి కబురు చెప్పి, ఈ అరెస్టు కాగితం మీద సంతకం తీసుకోవాలండి. నీకెవరున్నారని అడిగితే మీ పేరు చెప్పాడు.”

“ఫోన్ చేసింది నేనని చెప్పేశారా అండీ?” అని గుసగుసగా అడిగాను.

“అబ్బే, చెప్పకూడదండి” అన్నారాయన.

పట్టుకున్న టైముతో సహా అన్నీ ఆ కాగితంలో రాసి ఉన్నాయి. పోలీసులంటే లాఠీలే అనుకునేదాన్ని. హత్య కేసులో దొరికినవాణ్ణి సైతం ‘నీకెవరున్నారు’ అని అడిగి తీరాలనే రూలు ఒకటుందని ఆరోజే తెలిసింది. ఎవరు ఆలోచించి పెట్టారో గానీ, ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు తలుచుకున్నా అంతే.

సంతకం పెట్టాను. ఎస్సైగారు పెన్ను తీసుకుని, “అతనికి మీరేమవుతారని రాయమంటారు?” అన్నారు.

పక్కింటావిడని అని చెబుదామనుకున్నాను. జీపులోంచి సత్తిబాబు నావైపే చూస్తున్నాడు.

“అక్క అని రాయండి” అన్నాను.