నిమ్మకాయల మీద బయలుదేరిన రాజమ్మత్త వ్యాను

తమిళనాడులోని మా గుడియాత్తంలో ఒక శుక్రవారం పొద్దున, ఇంజను లేని వ్యాను ఒకటి, లోపల ఉడుకుతున్న ఇడ్లీలతో సహా, సందు ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తింది. ఈ మాట చెబితే బయటివాళ్లు నమ్మరు. దాన్ని తోలింది నేనని చెబితే మాత్రం మా బంధువుల్లో ఒక్కరికీ అనుమానం రాదు. "సీనాగాడా? అయితే జరిగే ఉంటుంది" అంటారు. ఆ ఘోరాన్ని దాచకుండా మీ ముందు పెడుతున్నాను. కడుపుబ్బా నవ్వుకోండి. కాకపోతే చివరిదాకా విన్న తర్వాతే నాకు శిక్ష వేయండి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. వేలూరులో ఒక లాయరు దగ్గర గుమస్తాగా చేరి ఏడాది కూడా నిండలేదు. నా పని కాగితాలకు దారం కుట్టడం, సారుకు కాఫీ తేవడం. అయినా సాయంత్రం బస్సు దిగి గుడియాత్తంలో అడుగు పెట్టేసరికి నేనే పెద్ద జడ్జీని అయిపోయేవాణ్ని. వీధిలో ఇద్దరు గట్టిగా మాట్లాడుకుంటే చాలు, మధ్యలో దూరి ఏదో ఒక సెక్షను చెప్పి వచ్చేవాణ్ని. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివింది కూడా అంతంత మాత్రమే, మతి మాత్రం పూర్తిగా పోయింది.

మా నాయన చెల్లెలు రాజమ్మత్త. మామ బతికుండగా ఆ వ్యానులో లుంగీల మూటలు వేలూరికి తోలేవాడు. ముసలిదైపోయిన ఇంజనును ఆయనే ఎవరికో అమ్మేశాడు, కొత్తది వేయిద్దామనుకుంటుండగానే పోయాడు. అత్త ఏడుస్తూ కూర్చోలేదు. వ్యాను పక్క రేకు కోయించి కిటికీ పెట్టించింది, లోపల పొయ్యి పెట్టింది, ఇడ్లీ మొదలుపెట్టింది. ఇంటి ముందు రోడ్డు పక్కన నిలబడ్డ ఆ బండే ఆవిడ హోటలు, ఆవిడ అన్నం. మగ్గాల వాళ్లంతా పొద్దున్నే అక్కడికే వచ్చేవాళ్లు.

ఒకరోజు నేను ఊళ్లో దిగేసరికి అత్త నా కోసం బస్టాండు దగ్గరే నిలబడి ఉంది.

"సీనా, మన బండికి ఏందో ఎర్ర కాయితం అంటిచ్చి పోయినార్రా. ఎలక్షన్లు వస్తా ఉండాయా?"

వెళ్లి చూశాను. మునిసిపాలిటీ నోటీసు, తమిళంలో ఉంది. రోడ్డు పక్కన కదలకుండా పడివున్న పాత బండ్లను సొంతదారులు పదిహేను రోజుల్లో తీసేయాలి. తీయకపోతే వాళ్లే క్రేను తెచ్చి ఎత్తుకుపోయి వేలం వేస్తారు. నడిచే స్థితిలో ఉన్న బండ్లకు మాత్రం ఇది వర్తించదు. చదివి అత్తకు తెలుగులో చెప్పాను.

అత్త ముఖం వాడిపోయింది. "బండి పోతే నేను యాడికి పోయేది నాయనా? బజార్లో రూము తీసుకునే శక్తి నాకు యాడుండాది? మళ్లీ బీడీలు చుట్టుకోవాల్సిందేనా?"

బుద్ధి ఉన్నవాడైతే ఏం చేస్తాడు? ఆఫీసుకు వెళ్లి, దండం పెట్టి, కాస్త గడువు అడుగుతాడు. ఎక్కడైనా ఖాళీ జాగా వెతుకుతాడు. నేను మాత్రం గొంతు సవరించుకున్నాను.

"అత్తా, దీంట్లో లా పాయింటు ఉండాది. 'కదలని బండి' అని రాసినారు. కదిలిందనుకో, నోటీసు చెల్లదు."

"ఇంజను లేదు గదరా?"

"ఇంజను ఉండాలని యాడా రాయలేదు. కదలాలనే రాసినారు. ఎంత దూరం కదలాలని కూడా రాయలేదు. నిమ్మకాయ మందం కదిలినా కదిలినట్టే."

ఈ నిమ్మకాయ లెక్క ఎక్కడిదంటారా? మా పక్క కొత్త బండి కొన్నా, పాత బండి బాగు చేయించినా, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించనిదే ముందుకు తీయరు. గడువు చివరి రోజు శుక్రవారం పడింది. ఆ రోజు ఆఫీసరు ముందరే పూజ చేసి, బండిని నిమ్మకాయల మీదికి ఎక్కించి దించితే పని అయిపోతుందని నా వాదన. అత్త నా వైపు ఎంత నమ్మకంగా చూసిందంటే, ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

"చదువుకున్నోడివి. నువ్వు చెప్తే సరేరా" అంది.

నా స్నేహితుడు సెల్వం మెకానిక్కు. వాడు పాత టైర్లు నాలుగు తెచ్చి బిగించాడు, గాలి కొట్టాడు, చక్రాలకు గ్రీజు పూశాడు, బ్యాటరీ పెట్టి హారను మోగించాడు. స్టీరింగు కూడా తిరిగేలా చేశాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంజను లేదు గింజను లేదు, బండికి మాత్రం ముందర పూలదండ సిద్ధం. అంతా అయ్యాక సెల్వం తల గోక్కున్నాడు.

"డేయ్ సీనా, బ్రేకు లేదేరా?"

"ఏండ్లుగా కదలని బండికి బ్రేకు ఎందుకురా?"

"రేపు కదలబోతా ఉండాదే!"

"నిమ్మకాయంత దూరానికి బ్రేకు కావాల్నా? నువ్వు వెనకాల నీ మోటారుసైకిలు స్టార్టు చేసి పెద్దగా రేజు చెయ్యి, ఆఫీసరు అది మన ఇంజననుకుంటాడు. ఎవురూ చూడకుండా కాలితో మెల్లగా తొయ్యి. చాలు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు. నా కుందేలుకైతే ఆ మూడూ లేవు.

శుక్రవారం వచ్చింది. వ్యానుకు పసుపు, కుంకుమ, అరటి పిలకలు, దండలు. ఎనిమిదింటికి మునిసిపాలిటీ ఆఫీసరు వచ్చాడు. వెనక క్రేను, దానికి దారి ఇప్పించడానికి ట్రాఫిక్ ఎస్సై. మగ్గాలు ఆపేసి సందు సందంతా అక్కడే నిలబడింది. ఆఫీసరు మాట్లాడిందంతా తమిళమే, మీకోసం తెలుగు చేస్తున్నాను.

"ఎన్నప్పా ఇది? బండిని తీసెయ్యమంటే పెళ్లికూతుర్ని చేశారు?"

"సార్, ఇది నడిచే బండి. మీ కళ్లముందే నడిపి చూపిస్తాం. నడిస్తే నోటీసు చెల్లదు గదా సార్?"

ఆయన క్రేను వైపు చూశాడు, నా వైపు చూశాడు. "సరే, నడిపించు. నడిస్తే ఆ కాగితం నేనే చింపేసి పోతా" అన్నాడు.

ఆ మాటతో నా ఛాతీ ఇంత వెడల్పయింది. అత్తను దిగమన్నాను.

"ఇడ్లీ ఆవిరి మీద ఉండాదిరా. దిగితే మాడిపోదా? నువ్వు నిమ్మకాయంతేగా తోలేది!" అని లోపలే కూర్చుంది. కిటికీ దగ్గర గోవిందప్ప అనే మగ్గాల ఆయన ప్లేటు పట్టుకుని చట్నీ కోసం చూస్తున్నాడు.

నిమ్మకాయలు తీసుకుని చక్రాల దగ్గరికి వంగాను. అక్కడ రాళ్లున్నాయి. మామ ఏనాడో పెట్టిన రాళ్లు, ఒక్కో చక్రానికి ఒకటి. శుభమా అని నిమ్మకాయ పెట్టాల్సిన చోట ఈ రాళ్లేమిటని నాకు చిరాకు వేసింది. గడ్డపారతో నాలుగింటినీ పెకలించి పక్కకు విసిరేశాను. వాటి చోట ఎంతో భక్తిగా నాలుగు నిమ్మకాయలు పెట్టాను. మా సందు బజారు వైపు బాగా వాలు అని మీకు చెప్పానా? చెప్పలేదు. ఆ రోజు నాక్కూడా ఎవరూ చెప్పలేదు. పుట్టినప్పటి నుంచి ఆ సందులోనే తిరిగాను కాబట్టి చెప్పనక్కర్లేదనుకుని ఉంటారు.

ఏళ్ల తరబడి నిలబడిన బండి కదా, రాళ్లు పోయిన సంగతి దానికి వెంటనే తెలియలేదు. నేను ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నాను. అత్త కిటికీలోంచే కర్పూరం తిప్పింది. వెనక సెల్వం మోటారుసైకిలు గర్జించింది. నేను హారను కొట్టాను. సెల్వం కాలితో తోశాడు.

టప్, టప్, టప్, టప్. నిమ్మకాయలు నాలుగూ చిట్లాయి. జనం చప్పట్లు కొట్టారు. ఆఫీసరు కూడా ఆశ్చర్యంగా తలూపాడు.

"చాలప్పా, చూశాను, నిలుపు!" అన్నాడు.

నేనూ నిలుపుదామనే అనుకున్నాను. హ్యాండు బ్రేకు లాగితే అది నిమ్మళంగా నా చేతిలోకి వచ్చేసింది, వేళ్లతో సహా పెరికిన ముల్లంగిలాగా. వ్యాను మాత్రం సాగిపోతోంది. ఇంజను చప్పుడు సందు మొదట్లో సెల్వం దగ్గరే ఉండిపోయింది, బండి బజారు దారి పట్టింది.

"సీనా, చాలురా! చూసినార్లే, ఆపు!" అని లోపల నుంచి అత్త.

"ఆగలేదత్తా!"

"ఆగకపోతే నిదానంగానన్నా పోరా! సాంబారు తొలకతా ఉండాది!"

గోవిందప్ప కిటికీ చువ్వ పట్టుకుని పక్కనే పరుగెత్తుతున్నాడు. "అమ్మా, చట్నీ! చట్నీ పోసి పోండమ్మా!"

నమ్మండి, ఆ పరిస్థితిలో కూడా మా అత్త కిటికీలోంచి చెయ్యి చాపి ఆయన ప్లేటులో చట్నీ వేసింది. ఆయన అక్కడే ఆగి తినడం మొదలుపెట్టాడు. మేం ఆగలేదు. వెనక ఆఫీసరు, ఆయన వెనక ఎస్సై, వాళ్ల వెనక సందు మొత్తం. నాకు చేతనైన పని హారను కొట్టడం ఒక్కటే, దాన్ని ప్రాణం పెట్టి కొట్టాను. మేకలు తప్పుకున్నాయి, సైకిళ్లు తప్పుకున్నాయి, నీళ్ల బిందెలు ఎత్తుకుని ఆడవాళ్లు అరుగులెక్కారు. ఎదురుగా బజారు, శుక్రవారం రద్దీ. చచ్చాంరా దేవుడా అనుకున్నాను.

బజారుకు ముందే, ఎడమ పక్కన మునిరత్నం నాయుడి లుంగీల గోడౌను. దాని గేటు బార్లా తెరిచి ఉంది. కళ్లు మూసుకుని స్టీరింగు తిప్పేశాను. వ్యాను గేటులో దూరి, ఆవరణలో గుట్టగా పోసిన నూలు వ్యర్థాల మూటల్లోకి వెళ్లి, మెత్తగా ఆగిపోయింది.

లోపల అత్తకు ఏమైందోనని తల బయటపెట్టి కిటికీ వైపు చూశాను. ఇంతలో గిన్నె మూత తీసిన చప్పుడు, గుప్పున ఆవిరి. పిండి మరకలతో అత్త తల కిటికీలోంచి బయటికి వచ్చింది. చుట్టూ చూసింది. లారీ కోసం ఎదురుచూస్తూ పొద్దున్నుంచి ఖాళీ కడుపుతో కూర్చున్న హమాలీలు నోరు తెరుచుకుని నిలబడి ఉన్నారు.

"ఏంది చూస్తా ఉండారు? ఇడ్లీ అయింది, ప్లేట్లు అందుకోండి!" అంది.

వాళ్లు వరుస కట్టారు. అప్పటికి ఆఫీసరు రొప్పుతూ వచ్చాడు. నేను దిగి చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన ఊపిరి పీల్చుకుని ఇలా అన్నాడు:

"నడిచే బండి అంటే నమ్మలేదు. నడవడం కాదు, పరుగెత్తింది! దీన్ని ఎత్తుకుపోయే అధికారం నాకు లేదు." అంటూ ఎర్ర కాగితం మీద గోరు పెట్టి చింపడం మొదలుపెట్టాడు.

జనం ఈలలు వేశారు. నేను గెలిచాను! అప్పుడు ఎస్సై ముందుకొచ్చాడు.

"డ్రైవర్ ఎవరు?"

"నేనే సార్!" అన్నాను ఛాతీ విరుచుకుని.

"జనం తిరిగే సందులో అతివేగం. తీయి జరిమానా."

"సార్, అన్యాయం! దీనికసలు ఇంజనే..."

కాగితం చింపుతున్న ఆఫీసరు చెయ్యి ఆగింది. సగం చినిగిన కాగితం వేలాడుతోంది. ఆయన మెల్లగా నా వైపు తిరిగాడు. "ఇంజను?"

కిటికీలోంచి అత్త చూసింది. ఆ చూపులో మామ ఉన్నాడు, బీడీల చేట ఉంది, నా చిన్నప్పుడు పెట్టిన ఇడ్లీలన్నీ ఉన్నాయి. నా లా పాయింట్లన్నీ గొంతులోకి దిగిపోయాయి.

"ఇంజను... శానా సైలెంటు సార్. మామ శ్రద్ధగా చూసుకున్న బండి. తప్పు నాదే. వేగంగా తోలినాను, రాసుకోండి."

ఎస్సై రాశాడు. ఆఫీసరు మిగతా సగం కాగితాన్ని చింపి జేబులో వేసుకుని, ఇడ్లీ తిని, క్రేనును ఖాళీగా తీసుకుని వెళ్లిపోయాడు. గోడౌనులోంచి బయటికి వచ్చిన మునిరత్నం నాయుడు, తన హమాలీలు తింటున్న ఇడ్లీల వైపు, వ్యాను వైపు మార్చి మార్చి చూశాడు.

"బండి ఈడనే ఉండనీమ్మా" అన్నాడు అత్తతో. "మా వోళ్లు టిఫనుకని బజారుకు పోతే మధ్యాన్నం గానీ రారు. గోడ పక్కన నీడ ఉండాది, కొళాయి ఉండాది. ఇంక ఏ కాయితమూ నిన్ను అడగదు."

అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది, వెంటనే అదే కొంగుతో ఆయనకు ప్లేటు తుడిచి ఇచ్చింది. ఆ గోడ పక్కనే ఇప్పటికీ హోటలు నడుస్తోంది, ఇప్పుడు దోసెలు కూడా వేస్తోంది. నా జరిమానా రసీదుకు ఆవిడ ఫ్రేము కట్టించింది, వినాయకుడి పటం పక్కన తగిలించి రోజూ బొట్టు పెడుతోంది. అడిగినవాళ్లందరికీ "మా సీనా వాదించి గెలిచిన కేసు" అని చెబుతోంది.

ఇంజను లేని బండిని అతివేగంగా నడిపి జరిమానా కట్టినవాడు ఈ భూమి మీద నేనొక్కణ్నే అయి ఉంటాను. కాబట్టి, ఇడ్లీ గిన్నె సాక్షిగా, సదరు వినాయకుడి సాక్షిగా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎప్పుడైనా, ఎక్కడైనా, ఇంజను లేని బండి తోలాల్సి వస్తే, వేగపరిమితి దాటను గాక దాటను.