కొల్లేట్లో తెరచాప పందెం, ఉడకని పులుసు

ఈ పోస్టు ఇప్పుడే రాయడానికి కారణం ఒక్కటే: మా పడవలోకి మూడో మనిషి కావాలి. కొల్లేట్లో చలికాలమంతా జరిగే చిన్న తెరచాప పడవల పందేల్లో ఇంకొక్కటే మిగిలింది, ఫిబ్రవరి మొదటి ఆదివారం. మాతో ఇన్నాళ్లూ ఉన్న విజయ్ గారికి ఒంగోలు బదిలీ అయింది. ముగ్గురు లేనిదే పడవను పందెంలోకి దింపనివ్వరు. ఒక్క పందెం తప్పినా వచ్చే ఏడాదికి ఆ పడవ మా చేతిలో ఉండదు. అందుకని గడిచిన ఆదివారం ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. చదివాక రావాలనిపిస్తే రండి.

నేను తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తున్నాను. అమ్మానాన్నలది పెదవేగి దగ్గర పామాయిల్ తోటల్లో కూలిపని. మా ఇంట్లో బడికి వెళ్లి చదువుకున్న మొదటిదాన్ని నేనే. అందువల్లనేమో, నా ప్రయాణాలన్నీ ఏదో ఒక అవసరం మీదే జరిగేవి: పరీక్ష, ఇంటర్వ్యూ, ఆసుపత్రి. ఊరికే సరదాగా ఎక్కడికైనా వెళ్లవచ్చని నాకు ఎప్పుడూ తోచలేదు. పోయిన ఏడాది ల్యాబు కర్టెన్లు కుట్టించడానికి ఏలూరులో రజియా అక్క వాళ్ల టైలరింగ్ షాపుకు వెళ్లాను. ఆవిడ నేలంతా తెల్లగుడ్డ పరచుకుని మధ్యలో కూర్చుని ఉంది. "ఇదేంటక్కా, షామియానానా?" అని అడిగాను. "తెరచాప. ఆ చివర కాస్త పట్టుకో" అంది. పట్టుకున్నాను. అప్పటి నుంచి వదల్లేదు.

పడవలన్నీ రాజుగారివి. ఆయనకు ఉండి దగ్గర చేపల చెరువులున్నాయి. గాలితో నడిచే పడవలంటే పిచ్చి. సొంతంగా ఐదు పడవలు చేయించి, ఇష్టమున్నవాళ్లకు ఊరికే ఇచ్చారు. షరతు ఒక్కటే, ఆ చలికాలంలో ప్రతి పందెమూ పూర్తి చేసినవాళ్లకే వచ్చే ఏడాదికి పడవ. గెలవాలని లేదు, గీత దాటితే చాలు. మొదటివారమే రెండుసార్లు మునిగి లేచింది కాబట్టి మా పడవకు 'బుడబుంగ' అని, నీళ్లలో మునిగి లేచే పిట్ట పేరు పెట్టాం.

ఆ ఆదివారం తాడేపల్లిగూడెం స్టేషన్లో తెల్లవారుజామున ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు ఒక టిఫిను ధర కూడా ఉండదు. ఏలూరులో దిగి బస్టాండు పక్కన ఇడ్లీ తిని, కైకలూరు వెళ్లే పల్లెవెలుగు ఎక్కాం నేనూ, రజియా అక్కా. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు బస్సు ఉచితమే. దారిపొడవునా చేపల చెరువులే. గట్ల మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే ఎదురొచ్చే లారీకి లైట్లు తప్ప ఒళ్లు లేదు. మెయిన్ రోడ్డు మీద దిగి, లంక ఊరిదాకా షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు.

"పందేలకా అండీ?" అన్నాడు ఆటో ఆయన. "మోటారు లేదు, తెడ్డు లేదు. గాలి రాకపోతే ఏం చేస్తారండీ?"

"కూర్చుంటామండీ" అంది రజియా అక్క.

"కూర్చోడానికి ఇంత దూరం రావాలా అండీ? మా అరుగు ఖాళీయేగా!"

ఇక్కడ పందెం మొదలయ్యేది గడియారం చూసుకుని కాదు. ఆ ఊరి చర్చిలో ఆరాధన ముగిసి జనం ఒడ్డుకు వచ్చాకే. అప్పటికి మంచు విడుతుంది, తూర్పుగాలి లేస్తుంది. నేనూ వెనక బల్లలో కూర్చుని ప్రార్థన చేసుకుని వస్తాను కాబట్టి, ఆదివారం పందేలేంటని సణిగే మా అమ్మకు జవాబు దొరికింది. ముగింపుకూ గడియారం లేదు. ఒడ్డున వంట చేసే తాతారావు గారు భోజనం సిద్ధమని పళ్లెం మీద గరిటెతో కొట్టగానే పందెం అయిపోయినట్టు. అప్పటికి గీత దాటని పడవకు ఆ పందెం దక్కదు.

అది విజయ్ గారి చివరి పందెం. చేపల మేత అమ్మే కంపెనీలో ఆయన ఉద్యోగం. ఎప్పుడూ మధ్యలో కూర్చుని బరువు కాయడం, 'అడుగుపలక' చూసుకోవడం ఆయన పని. అడుగుపలక అంటే పడవ పక్కకు కొట్టుకుపోకుండా మధ్యలోంచి నీళ్లలోకి దింపే చెక్క. వీడ్కోలుగా ఆ రోజు తెరచాప తాడు ఆయన చేతికిచ్చాం. రజియా అక్క ఎప్పట్లాగే చుక్కాని దగ్గర కూర్చుంది. నేను బరువు కాశాను. గూడబాతులు వాలే వైపుకు పోకుండా, ఊరివాళ్లు చూపించిన మేరలోనే మా దారి. గాలి బాగా అందింది. సగం దూరానికే రెండో స్థానంలో ఉన్నాం. ఎప్పుడూ చివరి నుంచే లెక్కపెట్టుకునే మేము!

"కరుణా, ముందు ఒక్కటే పడవుంది!" అని రజియా అక్క చిన్నపిల్లలా అరిచింది.

అంతలో పడవ గుంజినట్టు ఆగింది. నీళ్లలో పాతిన వెదురుకర్రల మధ్య వల ఉంది. అలాంటిచోట పలక పైకి లాగి, వల మీదుగా జారిపోవాలి. విజయ్ గారు పలక నేను లాగుతాననుకున్నారు, నేను ఎప్పట్లాగే ఆయన లాగుతారనుకున్నాను. తాడు అయితే ఇచ్చాం గానీ, పలక ఎవరిదో మాట్లాడుకోలేదు. వల బారెడు చిరిగింది.

"ఎవరూ చూళ్లేదండీ" అన్నారు విజయ్ గారు మెల్లగా. రెల్లు అడ్డం, నిజంగానే ఎవరికీ కనపడం. రజియా అక్క లేచి తెరచాప దించేసింది.

కొల్లేట్లో ఒక కట్టుబాటుంది. ఎవరి వల తెగినా దగ్గరి కర్రకు గుడ్డ కట్టి, వల తాలూకు మనిషి వచ్చేదాకా అక్కడే ఉండాలి. నా చున్నీ కట్టాం. మిగతా మూడు పడవలూ దూరంగా మమ్మల్ని దాటిపోయాయి. చాలాసేపటికి తాటిదోనె మీద గెడ వేసుకుంటూ ఆ వల తాలూకు నాగమణి గారు వచ్చారు.

"ఏమ్మా, మునిగారా, తేలారా? చున్నీ కట్టారు, ఎవరికి పెళ్లి?"

తప్పు మాదేనని చెప్పాం. రజియా అక్క తెరచాప కుట్టే సూదీ దారం తీసి అక్కడే కూర్చుని వల అతికింది. నాగమణి గారు వేలితో లాగి చూసి, "జాకెట్టు కుట్టినట్టు కుట్టావు. చేపలు కొలతలిస్తాయనుకున్నావా?" అని నవ్వారు. కానీ బాగుందన్నారు.

తెరచాప ఎత్తేసరికి గాలి పడిపోయింది. గుడ్డ ఆరేసిన దుప్పటిలా వేలాడింది.

"తాడియ్యండి, లాక్కెళ్తాను."

"వద్దండీ. సాయం తీసుకుంటే పందెం పోయినట్టే."

"కాళ్లుండి కుంటడమంటే ఇదేనమ్మా!" అని ఆవిడ గెడ వేసుకుంటూ వెళ్లిపోయారు. మేము అంగుళం అంగుళం కదులుతున్నాం. మెడ మీద తడి తగిలినప్పుడల్లా గాలేమో అనుకున్నాను, చెమట. ఈ పడవ ఇక మనది కాదని ముగ్గురికీ తెలుసు. ఏ క్షణాన పళ్లెం మోగుతుందో అని చెవులన్నీ ఒడ్డు మీదే.

ఒడ్డున జరిగింది తర్వాత తెలిసింది. నాగమణి గారు ముందే చేరి, వల సంగతి తాతారావు గారికి చెప్పారట. శీలావతి చేప పులుసు అప్పటికే దించే స్థితిలో ఉంది. ఆయన పొయ్యిలోంచి కట్టెలు బయటికి లాగి, గరిటె పక్కన పెట్టేశారట.

"ఏమయ్యా తాతారావ్, వాసన రోడ్డుదాకా వస్తోంది, ఇంకా అవలేదా?" అని రాజుగారు అడిగారట.

"చింతపండు పచ్చివాసన పోలేదండి."

"పొయ్యిలో మంటేదీ?"

"సన్నసెగ మీద పోవాలండి అది."

రాజుగారు మా తెరచాప వైపు చూసి, "అయితే నిదానంగానే కానీ" అని కుర్చీ వెనక్కి లాక్కున్నారట. పందెం ముగించి ఆకలితో ఉన్న నాలుగు పడవలవాళ్లలో ఒక్కరూ పళ్లెం ముట్టుకోలేదు.

ఎండ నెత్తికెక్కాక ఎక్కడి నుంచో కాస్త గాలి వచ్చింది. బుడబుంగ గీత దాటింది. ముక్కు గట్టుకు తగిలాక పళ్లెం మోగింది. పులుసులో చేపముక్క ఒక్కటీ మిగల్లేదు, నిప్పుల మీద అంతసేపు ఉండి అంతా చితికిపోయింది. అందరూ ముళ్లు ఏరుకుంటూ తిన్నారు. విజయ్ గారు మూడోసారి వడ్డించుకుంటూ, "ఒంగోల్లో ఇలాంటి పులుసు దొరకదండీ" అన్నారు. "ఎక్కడా దొరకదండి. ఇలా చెడగొట్టడం ఇంకెవరికీ రాదు" అన్నారు తాతారావు గారు.

సాయంత్రం బస్సులో చేతులకు ఇంకా పులుసు వాసన వస్తోంది. చదువుకున్నాను కాబట్టి ఇంతదూరం వచ్చానని నేను అనుకుంటూ ఉంటాను. అది నిజమే. కానీ ఆ రోజు నేను చేసిందల్లా పడవలో కూర్చోవడమే. నవ్వేసి క్షమించిన మనిషి, మంట తీసేసిన మనిషి, ఆకలి ఓర్చుకున్న మనుషులు కలిసి మమ్మల్ని ఒడ్డుకు చేర్చారు. వాళ్లకు అప్పుడు సరిగ్గా థాంక్స్ కూడా చెప్పలేకపోయాను, నోటినిండా అన్నం. ఇక్కడ చెబుతున్నాను. ఆ పడవతో చివరి గీత కూడా దాటితే అసలు చెప్పినట్టవుతుంది.

వచ్చేవాళ్లకు ఒక సలహా: ఏలూరులో కడుపునిండా టిఫిను తినే బస్సెక్కండి, భోజనం ఎప్పుడవుతుందో అక్కడ ఎవరూ చెప్పలేరు. ఈత రాకపోయినా పర్వాలేదు, తేలే జాకెట్లు మేమిస్తాం. పక్షులున్న చోటికి గుంపులు రాకూడదని ఊరి పేరు రాయలేదు, వచ్చేవాళ్లకు చెబుతాను. జనవరి ముప్పై, శుక్రవారం సాయంత్రంలోగా కింద కామెంట్లలో ఒక్క మాట రాయండి, "పలక నేను చూసుకుంటాను" అని.