నేనే అల్లిన దుప్పటి

నస్పూర్ బొగ్గుగని క్వార్టర్లలో మా వరసలో నన్నెరగని వాళ్లు లేరు. ఒకప్పుడు టింబర్ పనివాడిగా ఎరుగుదురు. ఇప్పుడు ఊలు అల్లే ముసలాయనగా ఎరుగుదురు. ఈ రెండో పేరు నాకు ఊరికే రాలేదు. కొట్లాడి తెచ్చుకున్నాను.

బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం బాయిలో, అంటే గనిలో, నా పని. వయసంతా ఆ పనిలోనే గడిచింది. ఒకనాడు దుంగ జారి నా కుడిచేయి దానికీ గోడకూ మధ్య ఇరుక్కుంది. ఎవరి తప్పూ కాదు, కాలు జారింది నాదే. ఎముకలు అతికాయి గానీ వేళ్లు కట్టెల్లా బిగుసుకుపోయాయి. నన్ను బాయి పైన తేలిక పనికి మార్చారు. ఆస్పత్రిలో ఒక రబ్బరు బంతి చేతికిచ్చి రోజూ పిసకమన్నారు. కొన్నాళ్లు పిసికాను. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి బంతి బంతిలాగే ఉండేది, చేయి చేయిలాగే ఉండేది. విసుగొచ్చి దాన్ని మంచం కిందికి విసిరేశాను.

నా భార్యకు ఊలు అల్లడం వచ్చు. మా పక్క క్వార్టర్‌లో ఒకప్పుడు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆ ఇల్లాలి దగ్గర నేర్చుకుంది. సూది ముందు నుంచి గుచ్చితే సీదా, వెనక నుంచి గుచ్చితే ఉల్టా. వాళ్లు తమ ఊరికి వెళ్లిపోయినా ఆ రెండు మాటలూ మా ఇంట్లో ఉండిపోయాయి. పెళ్లై అత్తగారింట్లో ఉన్న మా బిడ్డకు నెల తప్పిందని తెలిసిన రోజునే నా భార్య మంచిర్యాల వెళ్లి ఊలు ఉండలు తెచ్చి, చిన్న స్వెటర్ మొదలుపెట్టింది. నేను ఎదురుగా కూర్చుని ఆమె వేళ్లనే చూసేవాణ్ని. ఎన్ని రకాలుగా వంగుతున్నాయో!

ఒక సాయంత్రం అడిగేశాను.

“గవి జర ఇటియ్యి.”

“ఏంది?”

“సూదులు.”

“దేనికి? ఈపు గోక్కుంటవా?”

“నాకు నేర్పు.”

ఆమె నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆపేసి, సూదులు నా చేతిలో పెట్టింది. మొదటి రోజు నాలుగు కుట్లు వేస్తే మూడు జారిపోయాయి. ఊలు నా పిడికిట్లో తాడులా బిగుసుకుపోయింది.

“నువ్వు దారం పట్టుకున్నవా, దుంగ మోస్తున్నవా? జర ఒదులు. అది యాడికి వోదు,” అనేది.

వదలడం నేర్చుకోవడానికే చాలా రోజులు పట్టింది. బాయిలో పట్టు వదిలితే ప్రాణం పోతుంది, ఇక్కడ వదలకపోతే అల్లిక పోతుంది. చూపుడు వేలూ మధ్య వేలూ మెల్లగా మాట విన్నాయి. చివరి రెండూ వంగలేదు, ఇప్పటికీ వంగవు. కానీ వంగని చిటికెన వేలి మీదుగా దారం పోనిస్తే అది చిక్కుపడకుండా సాఫీగా వస్తుందని నాకు నేనే కనిపెట్టుకున్నాను. స్వెటర్ ఆమెకు వదిలేసి, పుట్టబోయే పాపాయికి దుప్పటి నేను అల్లుతానన్నాను. పసుపు రంగు ఊలు, అంచుకు మెంతాకు పచ్చ.

అప్పటిదాకా అంతా ఇంట్లోనే. ఒకరోజు నాతో పనిచేసిన మనిషి చూడ్డానికి వచ్చాడు. తలుపు చప్పుడు కాగానే నా భార్య నా చేతిలోంచి అల్లిక లాగి దిండు కింద పెట్టింది. అతను చాయ్ తాగి, లోకం సంగతులు మాట్లాడి వెళ్లాడు. అంతసేపూ నేను ఆ దిండుకు ఆనుకుని, దొంగలా కూర్చున్నాను. అతను వెళ్లాక దిండు ఎత్తి చూస్తే, లాగిన లాగుడుకు ఒక వరసంతా సూది మీంచి జారిపోయి ఉంది. నాకు ఒళ్లు మండింది.

“మనమేమన్న దొంగసార కాస్తున్నమా? ఎందుకు దాసినవు?”

“నీ ఇజ్జత్ కోసమే దాసిన. నలుగురు నవ్వుతరు. లోపల కూసోని అల్లుకో, ఎవలొద్దన్నరు?”

“బతుకంత చీకట్లనే పనిచేసిన. ఇగ ఎలుగుల కూసుంట.”

మర్నాడు కుర్చీ తెచ్చి వాకిట్లో, రోడ్డు వైపు తిప్పి వేసుకున్నాను. సరిగ్గా షిఫ్టు దిగే వేళకే వేసుకున్నాను. ఎవరైనా చూడకుండా పోతారేమోనని నా ఫికర్.

అందరూ చూశారు. కొందరు బండ్లు ఆపి మరీ చూశారు. ఒకరి జాగాలో మరొకరు పనిచేస్తే బాయి మీద దాన్ని యాక్టింగ్ అంటాం. ఒక తమ్ముడు బండి దిగకుండానే అరిచాడు.

“ఏందే అన్నా, వదినె జాగల యాక్టింగ్ చేస్తున్నవా?”

“యాక్టింగ్ గాదు తమ్మీ, పర్మినెంట్!”

వాళ్లు నవ్వారు. నేను వరస తిప్పి మళ్లీ మొదలుపెట్టాను. రోజూ ఇదే. వారం, పది రోజులు నవ్వినవాళ్లు తర్వాత అలసిపోయారు. నేను అలసిపోలేదు. దుప్పటి అయ్యాక బూడిద రంగు ఊలుతో ఒక ఏనుగును అల్లాను. ఆదిలాబాద్ వైపు మా చుట్టం పంపిన పత్తిని శుభ్రంగా ఏకి లోపల కూరాను. చూసినవాళ్లు పందికొక్కా అని అడిగారు. తొండం విప్పేసి, ఇంకా పొడుగ్గా మళ్లీ అల్లాను. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

మా బిడ్డ కాన్పుకు మా ఇంటికే వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఆ పసిది నా మోకాళ్ల మీద పడుకుని ఉంటే దాని తల పక్కనే సూదులు ఆడిస్తూ టోపీ అల్లేవాణ్ని. మా బిడ్డ చూసి మురిసేది, ఫోన్‌లో ఫొటోలు తీసి దుబాయ్‌లో ఉన్న అల్లుడికి పంపేది. కానీ ఐదో నెలలో తల్లినీ పిల్లనూ అత్తగారింటికి పంపే రోజు దగ్గరపడుతుంటే ఆమె ముఖం మారింది. సారె సర్దుతూ సర్దుతూ నా దగ్గరికొచ్చింది.

“బాపూ, ఆడ ఎవలన్న అడిగితె దుప్పటి అవ్వ అల్లిందని చెప్పు.”

“ఎందుకే?”

“మా మామ సంగతి నీకెరుకే గద. ఊరంత చెప్పుకుంట నవ్వుతడు.”

“నవ్వనీ. ఈడ నవ్వలేదా?”

“ఆడ నవ్వేది నిన్ను సూసి గాదు బాపూ, నన్ను సూసి.”

నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. దుప్పటి మడిచి సంచిలో పెట్టుకుంది.

మా వియ్యంకుడిది సుల్తానాబాద్. వరి పొలాలున్న మనిషి, పెద్ద గొంతు. చెడ్డవాడని నేను అనను. కోడలు నీళ్లోసుకుందని తెలిసినప్పటి నుంచీ పొలంలో కాసిన కూరగాయలు మా ఇంటిదాకా పంపినవాడు. కానీ మగవాళ్ల పని ఇది, ఆడవాళ్ల పని ఇది అని పొలానికి గట్లు వేసినట్టు వేసుకుని బతికే మనిషి. మేం వెళ్లిన రోజు మంచి చలి. ముందుగదిలో చాప పరిచి, తెచ్చిన సారె అంతా పేర్చారు. బట్టలు, వెండి కడియాలు, సకినాలు, గారెలు, వాటి మధ్య పసుపు దుప్పటి, దాని మీద ఏనుగు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు చూడ్డానికి వచ్చారు. వాళ్లలో ఒక పెద్దామె దుప్పటి చేతుల్లోకి తీసుకుని చెంపకు ఆనించుకుంది.

“ఎంత మెత్తగున్నదో! ఎవలల్లిండ్రు బిడ్డా?”

“మా అవ్వ,” అంది మా బిడ్డ తల్లిని చూపిస్తూ, నా వైపు చూడకుండా.

నేను మగవాళ్లతో బయట అరుగు మీద ఉన్నాను. తలుపు తీసే ఉంది. నోరు మూసుకుని ఉండొచ్చు. బిడ్డ చెప్పింది ఒక్క మాటే, అంతటితో అయిపోయేది. కానీ ఎండలో రోడ్డు వైపు తిరిగి కూర్చుని అల్లిన నెలలన్నీ ఆ ఒక్క మాట కింద కప్పబడిపోతాయి. నేను లేచి గుమ్మంలో నిలబడ్డాను.

“అవ్వ గాదు. నేనే అల్లిన. ఏనుగు గూడ నేనే.”

మా బిడ్డ తల వంచుకుంది. నా వెనక వియ్యంకుడు పెద్దగా నవ్వాడు.

“పరాష్కానికి అంటున్నవా బావా?”

“పరాష్కం గాదు.”

“మొగోనివయ్యుండి ఊలు అల్లుతవా? బాయిల పనిచేసినోనివి! నలుగురిల నా ఇజ్జత్ తీస్తివి గద.”

“నీ భుజం మీది తువ్వాల ఎవలు నేసిండ్రు బావా? సిరిసిల్లల మొగోళ్లే గద మగ్గం మీద కూసునేది? నీ అంగీ కుట్టిన దర్జీ మొగోడు గాదా?”

“గది వాళ్ల కులపు పని. గిది ఆడోళ్ల పని.”

“ఆడోళ్ల పనైతె ఏంది? వాళ్ల కాడ నేర్చుకున్న. సిగ్గు లేదు నాకు.”

అతను నవ్వడం మానేశాడు. లోపలికి చూసి, “గది ఆడ పక్కకు వెట్టుండ్రి. మా పిల్లకు బజార్ల మంచి దుప్పటి తెస్త,” అన్నాడు.

ఎవరో దుప్పటి మడవబోయారు. నేను గదిలోకి వెళ్లి దాన్ని తీసుకున్నాను. మా బిడ్డ ఒళ్లోంచి పసిదాన్ని ఎత్తుకున్నాను. దుప్పటి దాని చుట్టూ చుట్టి, వాకిట్లో ఎండ పడుతున్న మంచం మీద కూర్చున్నాను. ఏనుగును పక్కన నిలబెట్టాను. వెచ్చదనానికో, పొద్దున్నే చేసిన ప్రయాణానికో పసిది కాసేపట్లోనే నిద్రపోయింది.

లోపల యాటమాంసం కూర ఘుమఘుమలాడుతోంది. వియ్యాలవారు రాకుండా ఇంటి పెద్ద విస్తరి ముందు కూర్చోడు, అది మర్యాద. మా వియ్యపురాలు వచ్చి పిలిచింది.

“అన్నా, బువ్వ చల్లారుతున్నది. నువ్వు రాక మీ బావ గూడ తింటలేడు.”

“పొల్ల లేసినంక తింట చెల్లె.”

ఆమె పోలేదు. వంగి దుప్పటి అంచు పట్టుకుని కుట్లు దగ్గరగా చూసింది. ఏదో అనబోయి, భర్త వస్తున్న అడుగుల చప్పుడు విని లోపలికి వెళ్లిపోయింది. అతను వచ్చి నా ముందు నిలబడ్డాడు.

“ఎంతసేపు కూసుంటవు బావా?”

“పొల్ల లేసేదాక.”

“లేపుదమా?”

“నిద్రల ఉన్న పసిదాన్ని లేపుడు మొగతనమైతె, లేపు.”

అతను లేపలేదు. నిలబడి నిలబడి మంచం అవతలి కొసన కూర్చున్నాడు. చాలాసేపటికి ఏనుగును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

“తొండం వంకర ఉన్నది.”

“ఏనుగు తొండం వంకరనే ఉంటది.”

పసిది లేచాక కలిసే తిన్నాం. అతను మారిపోయాడని అనుకోవద్దు. తింటూ తింటూ పక్కవాళ్లతో, “మా బావ వచ్చే యేడు చీరలు గూడ నేస్తడు,” అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఇంకో ముక్క వేయించుకున్నాను.

బయల్దేరేటప్పుడు మా బిడ్డ వాకిలిదాకా వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నీదే గెలుపాయె బాపూ. నువ్వు బస్సెక్కి పోతవు. రేపటిసంది మాటలు పడేది నేను.”

బస్సు పెద్దపల్లి దాటాక నా భార్య నెమ్మదిగా అంది.

“నువ్వన్నది తప్పని నేననను. గని అది దానికెంత బరువైందో సూస్తివా?”

చూశాను. చూడకేం. ఆ రాత్రి నుంచి ఫోన్ మోగినప్పుడల్లా ముందు నేనే తీసేవాణ్ని. “అవ్వకియ్యి” అనేది మా బిడ్డ, అంతే. అయినా అబద్ధం చెప్పి ఉండాల్సిందని మాత్రం నాకు ఒక్కసారీ అనిపించలేదు. బిడ్డ మాట్లాడనందుకు గుండె బరువెక్కేది, చేతులు మాత్రం అల్లుతూనే ఉండేవి. రెండూ ఒక మనిషిలోనే ఉండొచ్చని అప్పుడే తెలిసింది.

కొన్నాళ్లకు నా భార్య ఒక్కతే సుల్తానాబాద్ వెళ్లి వచ్చింది. చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి మొదలుపెట్టింది.

“నీ బిడ్డ ఏం చేస్తున్నదో ఎరుకేనా? ఎవలో కొత్త దుప్పటి తెస్తె బీరువల వెట్టింది. నీ దుప్పటిలనే పిల్లను పండవెడుతున్నది. దాన్ని ఉతికి ఎనుక దండెం మీద గాదు, ముందట, రోడ్డు దిక్కు ఆరేస్తున్నది.”

“బావ ఏమంటలేడా?”

“అంటున్నడు. ‘లోపల ఆరెయ్యి’ అన్నడట. ‘లోపల ఎండ రాదు మామా’ అన్నదట. పోయేటోళ్లు వచ్చేటోళ్లు ఎవలల్లిండ్రని అడిగితె ‘మా బాపు అల్లిండు, నీకు గావాల్నా?’ అంటున్నది.”

లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాను. మా బిడ్డ నాకు ఆ సంగతి చెప్పలేదు, నేనూ అడగలేదు. తర్వాతిసారి ఫోన్ చేసినప్పుడు మాత్రం అవ్వను పిలవమనలేదు. “బాపూ, పొల్ల కాళ్లు దుప్పటి బయటకొస్తున్నయి. ఇంకో పెద్దది అల్లు,” అంది.

ఈ చలికాలం నేను సూదులు, ఊలు తీసుకుని చాయ్ హోటల్‌కే పోతున్నాను. వాకిట్లో కంటే అక్కడ ఎండ బాగా పడుతుంది, మనుషులూ ఎక్కువ. నా చేతుల్లో పసుపు ఊలు చూసి కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లు ఇప్పటికీ కళ్లతో సైగలు చేసుకుంటారు. మొన్న ఫస్టు షిఫ్టు దిగి వచ్చిన బొగ్గు టబ్బులు లాగించే ఒక హాలేజీ మనిషి, నలభై దాటినవాడు, చాయ్ గ్లాసు పట్టుకుని నా పక్కన చాలాసేపు నిలబడ్డాడు. బెల్లంపల్లిలో తన బిడ్డకు కొడుకు పుట్టాడట. చివరికి గొంతు తగ్గించి అడిగాడు.

“అన్నా, మా మనుమనికి ఒక టోపీ అల్లిస్తవా?”

“అల్లియ్యను,” అన్నాను, అందరికీ వినబడేలా. “నేర్పిస్త. నువ్వే అల్లు. కుర్చీ గుంజుకో.”

అతను అటూ ఇటూ చూశాడు. హోటల్ మొత్తం మా వైపే చూస్తోంది. గ్లాసు కింద పెట్టి, కుర్చీ లాక్కున్నాడు.