చెరిపేసిన తెల్ల మచ్చ

ఆ చేనులో నా ముందు రెండు రాళ్లున్నాయి. మోకాలెత్తు నల్ల రాళ్లు. రెండింటికీ ఎడమ పక్కన పైనుంచి కింది దాకా ఒకే వంకర పగులు. రెండింటి మొదట్లోనూ తంగేడు చెట్టు, రెండు చెట్లకూ ఒకే చోట కొమ్మ విరిగి వేలాడుతోంది. ఎండ బాగా వచ్చిన వేళ. నాతో పాటు మరో ముగ్గురు చూశారు.

ఆ రెండో రాయి ఉన్న చోట ఒక సమాధి ఉండాలి. కొన్ని నెలల కింద దాన్ని ఒక ఫొటోలోంచి చెరిపింది నేను.

దయ్యాలంటే నమ్మకం లేదని ఎవరైనా చెప్పగలరు. నాకు దానికి రుజువు కూడా ఉంది. నల్లగొండలో ఒక దినపత్రిక డెస్కులో ముప్పై ఏళ్లు పనిచేశాను. బావిలో ఏడుపు వినిపిస్తోందనో, ఇంటి మీద రాళ్లు పడుతున్నాయనో విలేకరులు పంపిన వార్తలను ఆపింది నేనే. రాళ్లు వేసేదెవరో కనుక్కో, అప్పుడు వేద్దాం అనేవాణ్ణి. చాలాసార్లు ఆస్తి తగాదా ఉన్న పాలివాడే దొరికేవాడు.

ఫొటోల విషయంలో అంతకంటే గట్టిగా ఉండేవాణ్ణి. అంచులు కత్తిరించొచ్చు, లోపల మాత్రం గోకొద్దు. ఇదీ నా మాట. ఒకసారి మంత్రిగారి సభ ఫొటోలో ఖాళీ కుర్చీలను మాయం చేశాడని ఒక ఫొటోగ్రాఫర్‌ను వారం రోజులు పక్కన కూర్చోబెట్టాను. ఉన్నది ఉన్నట్టు ఉండాలని అందరికీ చెప్పినవాణ్ణి.

రిటైరయ్యాక స్వరూప పరిచయమైంది. దేవరకొండ దాటి మహబూబ్‌నగర్ వైపు పోతే వచ్చే ఒక ఊరి బడిలో టీచరు. ఊరి పేరు రాయను. రిజర్వాయరు కింద ముంపులో పోయిన ఊళ్లలో అదొకటి. నీళ్లు రావడానికి ముందే జనాన్ని, బడిని రోడ్డు పక్క పునరావాస కాలనీకి మార్చారు. స్వరూప కెమెరా కొనుక్కుని, వదిలేసిన చేలను, గుట్టలను ఫొటోలు తీసేది. ప్రతి ఆదివారం ఒకటి నాకు పంపి, ఎట్లుంది సార్ అని అడిగేది.

నేను మొహమాటపడేవాణ్ణి కాదు. ఆకాశం సగం ఎందుకు, అందులో మబ్బు కూడా లేదు కదా అనేవాణ్ణి. పచ్చ రంగు పెంచితే, పెయింటు డబ్బా ఒలికిందా అని అడిగేవాణ్ణి. ఆమె నొచ్చుకునేది కాదు. మళ్లీ వెళ్లి తీసేది.

కార్తీక మాసంలో ఒక ఫొటో పంపింది. చెరువు కట్ట ఎక్కి, పొద్దున తీసింది. ఎడమ మూల నుంచి బండ్ల బాట లోపలికి పోయి, రెండు తాటిచెట్ల మధ్యగా గుట్ట దాకా చూపును తీసుకెళుతుంది. కోతకొచ్చిన గడ్డి మీద ఏటవాలు ఎండ. చాలా రోజుల తర్వాత ఒక ఫొటోను చూస్తూ ఉండిపోయాను. ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికి రమ్మన్నాను, కూర్చుని సరిచేద్దామని.

కొద్దిగా ఒరిగిన నేలను సమం చేశాం. ఆకాశాన్ని మూడో వంతుకు తగ్గించాం. నీడలు కొంచెం తేల్చాం. అంతా అయ్యాక కుడి పక్క కింది భాగంలో ఒక తెల్ల మచ్చ మిగిలింది. చిన్నదే. కానీ కన్ను బాట వెంట పోకుండా ముందు దాని మీదికే పోతోంది.

కత్తిరిస్తే దాంతో పాటు గుట్ట అంచు కూడా పోతుంది. తీసేద్దాం అన్నాను.

స్వరూప వెంటనే ఒప్పుకోలేదు. "అది అక్కడ ఉన్నదే కద సార్. ఏదో గూడు లెక్కుంది," అంది.

బోరు మోటారు డబ్బా కోసం కట్టిన గూడు అయి ఉంటుందన్నాను. పెద్దది చేసి చూడలేదు. డెస్కులో ఉన్నప్పుడు ప్రతి ఫొటోనూ భూతద్దం పెట్టి చూసినవాణ్ణి, ఆ పూట చూడలేదు. ఇది వార్త కాదు, దృశ్యం అని ఆమెకు చెప్పాను. నాకు నేను కూడా అదే చెప్పుకున్నాను.

ఆమె చెయ్యి ఆగిందని మౌస్ నేనే తీసుకున్నాను. రెండుసార్లు రుద్దితే మచ్చ పోయింది. అట్లా చెరిపినప్పుడు ఆ ఖాళీని కంప్యూటరు పక్కనున్న నేలతోనే నింపుతుంది. మచ్చకు ఎడమ పక్క ఒక రాయి, తంగేడు చెట్టు ఉన్నాయి. వాటినే మళ్లీ తెచ్చి అతికించింది.

"సార్, రాయి రెండుసార్లు వచ్చింది," అంది స్వరూప.

"రెండు రాళ్లు ఒకే తీరుగ ఉండొద్దా ఏంది? ఎవరు చూస్తరు?" అన్నాను.

అప్పుడు నవ్వుకున్నాం కూడా.

ఆ ఫొటో హాలియాలో ఒక ఎరువుల దుకాణం వాళ్లకు నచ్చి కొత్త సంవత్సరం క్యాలెండర్ మీద వేసుకున్నారు. కాలనీలో చాలా ఇళ్లలో గోడకెక్కింది. పోయిన ఊరి బొమ్మ కాబట్టి జనం ఇష్టంగా అడిగి తీసుకున్నారు.

లింగమ్మ ఇంట్లో కూడా పెట్టారు. లింగమ్మ గొర్ల కాపరుల ఇంటి పెద్దావిడ. మనవరాలు స్వరూప బడిలోనే చదువుతుంది. ఒకరోజు బడి ముందు నుంచి పోతూ స్వరూపను ఆపి, "టీచరమ్మా, మా చెలక మంచిగ దింపినవు గని, మా ముసలాయన గోరి ఏది?" అని అడిగిందట. ఏ పక్కనుంచి తీశారో ఏమో అని మళ్లీ తనే సర్దుకుందట.

చెలక అంటే మెట్ట చేను, గోరి అంటే సమాధి. లింగమ్మ భర్త మల్లయ్య పోయి చాలా ఏళ్లయింది. వాళ్ల చేనులోనే పెట్టి, ఇటుకలతో కట్టి సున్నం వేశారు. ఏటా పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, లింగమ్మ పోయి దానికి సున్నం కొట్టి, నీళ్లు, బువ్వ పెట్టి వస్తుంది. ఆ ఏడు కూడా వెళ్లింది. అది ఫొటో తీయడానికి నెల ముందు.

రిజర్వాయరు గేట్లు వేయబోతున్నారని, సమాధులు తెచ్చుకునేవాళ్లు తెచ్చుకోవాలని కాలనీలో చాటింపు వేశారు. కాలనీ పక్కన అందుకు జాగా కూడా ఇచ్చారు. అందరూ ఎముకలో, ఇంత మట్టో తెచ్చుకుంటున్నారు. లింగమ్మ కొడుకు సైదులును తీసుకుని చేనుకు పోయింది. పొద్దంతా తిరిగారు. సమాధి కనిపించలేదు. మర్నాడు సైదులు ఒక్కడే పోయాడు. కనిపించలేదు.

అప్పుడు లింగమ్మకు క్యాలెండర్ గుర్తొచ్చింది. నువ్వు ఫొటో దింపిననాడు ఉండెనా లేదా చెప్పు బిడ్డా అని స్వరూపను పట్టుకుంది. స్వరూప అసలు ఫొటో తెరిచి, పెద్దది చేసి చూసి, ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది.

మర్నాడు పొద్దున నలుగురం వెళ్లాం. లింగమ్మ కట్ట ఎక్కే దాకా సైదులును తిడుతూనే ఉంది. "అయ్య గోరి దొరుకత లేదంటవు. బెల్టు షాపైతే కండ్లు మూసుకొని గూడ దొరుకుతది నీకు."

"నువ్వు గూడ ఎతికినవు గదనే అవ్వా. నీకు దొరికిందా?" అన్నాడు సైదులు.



కట్ట మీద స్వరూప ఫోన్‌లో అసలు ఫొటో చూపించింది. అందులో సమాధి స్పష్టంగా ఉంది. తెల్లగా, తల వైపు చిన్న దీపపు గూడుతో. లింగమ్మ వేలితో తాకి, "గిదే. గీయనే," అంది.

స్వరూప ఫొటో తీసిన చోటే నేను నిలబడ్డాను. తాటిచెట్లూ గుట్టా ఫొటోలో ఎట్లున్నాయో ఎదురుగా అట్లాగే కుదిరే దాకా జరిగాను. సైదులును చేనులోకి పంపి, ఫోన్‌లో అడుగులు వేయించాను. ఇంకొంచెం కుడికి, ఇంకొంచెం ముందుకు. సమాధి ఉండాల్సిన చోటికి వచ్చాక ఆగమన్నాను.

"ఈడ రాళ్లున్నయి సార్," అన్నాడు.

ఒకటా, రెండా అని అడిగాను.

"రెండు," అన్నాడు.

స్వరూప నా మొహం చూసింది. కిందికి దిగి వెళ్లాం. అక్కడ చూసింది మొదట్లోనే చెప్పాను.

అసలు ఫొటోలో రాయి ఒకటే. దాని పక్కన సమాధి. నేను దిద్దిన ఫొటోలో రాళ్లు రెండు. మా ముందున్న నేల నేను దిద్దిన ఫొటోలా ఉంది.

సైదులు గడ్డపారతో రెండో రాయిని కదిలించి చూశాడు. కదల్లేదు. సగానికి పైగా భూమిలోనే ఉంది. తంగేడు మొదలు మణికట్టంత లావుంది, కొన్ని నెలల్లో పెరిగేది కాదు. రాయి చుట్టూ తవ్వాడు. జానెడు మట్టి కింద గట్టి మొరం తగిలింది, గడ్డపార దెబ్బకు నిప్పురవ్వలు లేచాయి. ఒకసారి తవ్వి పూడ్చిన నేల అట్లా ఉండదు. ఇటుక ముక్క లేదు, సున్నం పెచ్చు లేదు. ఎవరైనా యంత్రం పెట్టి తీసుకుపోయి ఉంటారనుకుంటే, బండి చక్రాల జాడ లేదు.

సైదులు గడ్డపార పడేసి కూర్చున్నాడు. పోనీ ఇక్కడి మన్నే ఇంత మూట కట్టుకుపోదామన్నాడు.

లింగమ్మ కొంగు దులుపుకుని, "ఆయన లేని మన్ను నేనేం జేసుకోను," అంది.

నేను చెప్పకుండా ఊరుకోవచ్చు. స్వరూప కూడా చెప్పేది కాదు. కానీ తప్పంతా తనదేనన్నట్టు ఆ పిల్ల తల వంచుకుని నిలబడితే చూడలేకపోయాను. క్యాలెండర్ మీది ఫొటోలోంచి సమాధిని నేనే తీసేశానని లింగమ్మకు చెప్పాను. చూపుకు అడ్డంగా ఉందని తీశానని చెప్పాను. అదేంటో కూడా కనుక్కోలేదని చెప్పాను.

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"తీసినోనివి మల్ల పెట్టరాదా సారూ?" అంది.

ఫొటోలో పెట్టగలను. అది క్షణం పని. నేలకూ దానికీ సంబంధం లేదని చెప్పాల్సింది నేనే. స్వరూప చేతిలోని ఫోన్ వైపు చూశాను.

స్వరూప అక్కడే దిద్దిన ఫొటోను ఫోన్‌లోంచి తీసేసింది. ఇంటికి పోయి ల్యాప్‌టాప్‌లోనూ తీసేసింది. నేను హాలియా వెళ్లి, మిగిలిన క్యాలెండర్లు ఇచ్చేయమని దుకాణం ఆయన్ను అడిగాను. అన్నీ పంచేశామని నవ్వాడు. కాలనీలో ఇల్లిల్లూ తిరిగాను. ఇస్తే తేదీలెట్ల చూసుకునుడు సార్ అన్నారు. కొన్నిటి మీద పాల లెక్కలున్నాయి, గ్యాస్ బండ తెచ్చిన రోజులున్నాయి. సగం మంది ఇచ్చారు. నేను చేస్తున్నది ఏమిటో నాకు తెలుసు. దయ్యాల వార్తలు ఆపిన మనిషి అట్లా గోడల మీది బొమ్మలు ఏరుకుంటూ తిరగడం ఎట్లుంటుందో కూడా తెలుసు. తిరగకుండా ఉండలేకపోయాను.

సైదులు మధ్యలో ఇంకోసారి చేనుకు పోయి వచ్చాడు. రెండు రాళ్లూ అట్లాగే ఉన్నాయన్నాడు. వానాకాలానికి నీళ్లు వచ్చాయి.

ఆ పొద్దున ఆ రాళ్లను నేను నా ఫోన్‌తో తీశాను. ఏ దిద్దుబాటూ చేయలేదు. నాతో చాలా ఏళ్లు పనిచేసిన ఒక ఫొటోగ్రాఫర్‌కు, ఏమీ చెప్పకుండా, ఎట్లుందో చూడమని పంపాను. డార్క్‌రూమ్ రోజుల నుంచి ఫొటోలు చూస్తున్నవాడు. కాసేపటికి జవాబు పెట్టాడు. అన్నా, ఎవరో ఒక రాయిని రెండుసార్లు అతికించారు, పని సరిగ్గా రాలేదు, జర చూసుకోమను అని.

మేం చూసుకున్న చోటు తప్పేమో అని చాలాసార్లు అనుకున్నాను. తాటిచెట్లు కుదిరాయి, గుట్ట కుదిరింది, మొదటి రాయి పగులుతో సహా కుదిరింది. ఇక ఎక్కడ తప్పిందో నాకు తెలియదు. ఇదే వార్తగా ఎవరైనా పంపి ఉంటే నేను వేసేవాణ్ణి కాదు.

కాలనీ పక్కన తెచ్చిపెట్టుకున్న సమాధులన్నిటికీ మొన్న పెత్రమాసకు సున్నాలు వేశారు. లింగమ్మ వాళ్లకిచ్చిన జాగా మాత్రం ఖాళీగానే ఉంది. ఉత్తగా అయినా ఏదో ఒకటి కడదామని సైదులు అంటే ఆమె కట్టనివ్వలేదు. ఆ రోజు బువ్వ, నీళ్లు పట్టుకుని ఎటు పోవాలో తెలియక ఇంట్లోనే కూర్చుందట.