పోతా పోతా చెప్పిన జబ్బు

నేను చేసిన ఉద్యోగాలన్నిట్లోకీ సుఖమైనది రోగి ఉద్యోగం. పొద్దున పదింటికి వెళ్లి ఫ్యాను కింద మంచమ్మీద పడుకోవాలి. అడిగినదానికి మూలుగుతూ జవాబు చెప్పాలి. మధ్యాహ్నం అన్నం వాళ్లే పెడతారు. ఏడో తరగతిలో లెక్కల అయ్యవారి నడకను ఆయన వెనకే నడిచి చూపిస్తూ దొరికిపోయి బడి మానినవాణ్ణి. లారీ క్లీనరుగా, సోడాబండి మీద, ఆఖరికి డీజిల్ ఆటో మీద ఒళ్లు హూనం చేసుకున్నాక ఇంత మెత్తటి పని దొరుకుతుందని అనుకోలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా అనంతపురం దిక్కున నర్సింగ్ బడులు బోర్లు వేసినట్టు వేశారు. నీళ్లు పడతాయా లేదా అని చూసినవాడు లేడు. మా రోడ్డుమీద కూడా ఒకటి వెలిసింది, మూడంతస్తులు. నర్సింగ్ బడికి ఆసుపత్రి ఉండాలట, ఆసుపత్రికి రోగులు ఉండాలట. మొదటిదాన్ని సిమెంటుతో కట్టారు. రెండోదానికి రోజూ గేటు ముందు ఆటో ఆపుకుని నిద్రపోయే నన్ను పిలిచారు.

పని ఏమిటంటే, ఆడపిల్లలు ఒక్కొక్కరే వచ్చి నా మంచం పక్కన స్టూలు వేసుకుని నా జబ్బు గురించి అడగడం నేర్చుకుంటారు. రోగితో ఎలా మాట్లాడాలో గోడమీద పెద్ద అట్టమీద రాసి తగిలించారు. చిరునవ్వుతో పలకరించాలి, కళ్లలోకి చూడాలి, మధ్యలో అడ్డుపడకూడదు. పిల్లలు దాన్ని ఎక్కాల్లా అప్పజెప్పేవాళ్లు.

"నమస్కారమండీ. మీ ప్రధాన సమస్య ఏమిటో దయచేసి వివరిస్తారా?"

"వివరిస్తా గానీ, యా ఊరు పాపా నీది?"

"ధర్మవరం అన్నా."

"ఆడ మీ అవ్వకు బాగలేకున్నా ఇట్లే అడుగుతావా, దయచేసి వివరిస్తారా అని?"

"అడిగితే చెంబు తీసుకోని కొడతాది."

ఆ పిల్ల మగ్గం నేసేవాళ్ల కూతురు. తక్కిన పిల్లలు నా మాటలకు కిలకిలలాడితే, ఈ పిల్ల మాత్రం నవ్వాపుకుని తర్వాతి ప్రశ్నకు పోయేది. నొప్పికి సున్నా నుంచి పది దాకా ఎన్ని మార్కులు వేస్తారని అడిగింది.

"నేను ఏడుతోనే నిలిపేసినా పాపా, పది దాకా పోలేదు."

రెండు వారాలు ఇదే సంత. ఒకరోజు నాకే విసుగు పుట్టి వాళ్లకు పాఠం చెప్పాను. "మీరు అట్ట చూసి అడిగితే మావోళ్లు ఏమీ చెప్పరు. మా దిక్కు మనిషిని ఎట్లుండావంటే బాగుండానంటాడు. కాలు విరిగినా బాగుండానే అంటాడు. వాన సంగతి చెప్తాడు, శెనక్కాయ సంగతి చెప్తాడు, ఎద్దు సంగతి చెప్తాడు. లేసి చెప్పుల్లో కాలు పెట్టి, గడప కాడ నిలబడి, అప్పుడంటాడు, ఇంగొక మాటప్పా అని. అదీ అసలు సంగతి. అందుకే, మీరు పుస్తకం మూసేసి లేసి నిలబడండి. పోతా పోతా చెప్పేదే నిజం."

అందరూ నవ్వారు. మగ్గం పిల్ల మాత్రం దాన్ని నోటుపుస్తకంలో రాసుకుంది. నా జన్మలో నేను చెప్పిన మాట ఎవరైనా రాసుకోవడం అదే మొదలు.

శ్రావణమాసంలో పైనుంచి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. మంచాలన్నీ నిండాలి. ప్రిన్సిపాల్ మేడం నన్ను పిలిచి, "నలభై మందిని తీసుకురా, భోజనం పెట్టి కూలి ఇస్తాం" అంది. ఆ ఏడు శెనక్కాయ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. చేలో కలుపు కూడా మొలవలేదు. రోగం నటించడానికి రమ్మంటే మా ఊరు ఊరంతా ఆటోకు అడ్డం నిలబడింది.

జబ్బులు పంచింది నేనే. చౌకడిపోలో కిరోసిన్ పోసినట్టు మనిషికింత అని పోశాను. నీకు జ్వరం, నీకు దగ్గు, నీకు కడుపునొప్పి. మా చిన్నమ్మకు మోకాళ్ల నొప్పులిచ్చాను. మా అమ్మకు చెల్లెలు ఆమె. అమ్మ పోయాక నాకు సంగటి పెట్టి పెంచింది. పెనిమిటి లేడు, పిల్లలు లేరు. నా ఎగతాళికి ఈ లోకంలో మొట్టమొదట నవ్విన మనిషి.

ఆ రోజు వార్డు చూస్తే వాంతి వచ్చేటట్టుంది. పరుపులకు ప్లాస్టిక్ సంచులు ఇంకా ఊడదీయలేదు. ఒళ్లు కూడా వెచ్చబడని మనుషుల చేతులకు సూదిలేని సెలైన్ గొట్టాలు ప్లాస్టరుతో అంటించారు. ఏ దెబ్బా లేని చంటిబిడ్డ తలకు కట్టు కట్టారు. అది కట్టును పీక్కుంటూ ఏడుస్తుంటే "బాగుంది, ఏడవనీ" అన్నాడు బడి యజమాని కరెస్పాండెంటు. మా ఊళ్లో ఫ్లోరైడు నీళ్లు తాగి నడుం విల్లులా వంగిపోయిన ముసలాయన ఒకడు నా ఆటోలో వచ్చాడు. ఆయన్ను చూడగానే మేడం వద్దంది.

"నిజం రోగిలా ఉన్నాడు. ఏమైనా అయితే మన మీదికొస్తుంది. వెనక కూర్చోబెట్టి అన్నం పెట్టి పంపించెయ్."

నేను ఆయన్ను వంటశాల వెనక కూర్చోబెట్టి వచ్చాను. "ఏమప్పా, నాకు జబ్బు చాల్లేదంటనా?" అని అడిగాడాయన. నేను నవ్వాను. తర్వాత నాకు ఖాకీ చొక్కా తొడిగి, నీళ్ల జగ్గు చేతికిచ్చి, అటెండరని పేరు పెట్టి మంచాల మధ్య నిలబెట్టారు.

చిన్నమ్మ మంచం దగ్గర కూర్చున్నది మగ్గం పిల్లే. చిన్నమ్మ నేను నేర్పించినట్టే మోకాళ్లు పట్టుకుని, మెట్లెక్కలేకుండా ఉన్నానని, చలికాలం ఎక్కువని చెప్పింది. పిల్ల అంతా రాసుకుంది. రాసుకుని పుస్తకం మూసింది. "సరే పెద్దమ్మా, ఇంగ పోయొస్తా" అని లేచింది. కానీ పోలేదు. మంచం కమ్మీ మీద చెయ్యి పెట్టి దిండు సర్దుతూ నిలబడింది.

"పాపా" అంది చిన్నమ్మ. గొంతు తగ్గించింది. నేను పక్క మంచం దగ్గర నీళ్లు పోస్తున్నానని చూసుకోలేదు. "ముట్టు నిల్సిపోయి ఐదేండ్లాయ. ఇప్పుడు ఉగాది కాడ్నుంచి మళ్లా కనపడతాంది. బట్ట పెట్టుకోకుంటే కాదు. వాసన గూడా. యాడికన్నా పోయి నలుగుర్లో కూచోవాలంటే నాకే రోత పుడతాంది."

పిల్ల మళ్లీ స్టూలు మీద కూర్చుంది. రాయలేదు, చిన్నమ్మ చెయ్యి పట్టుకుంది. ఎవరికైనా చెప్పినావా పెద్దమ్మా అంటే, ఎవరికి చెప్పుకునేది పాపా అంది. తర్వాతే పిల్ల పుస్తకం తెరిచి, మోకాళ్ల కింద ఇంకో వరుస రాసింది.

చిన్నమ్మ మాట నేను వినకూడనిది. వినేశాను.

సరిగ్గా అప్పుడే తనిఖీ సారు, వెనక మేడం, ఆమె వెనక కరెస్పాండెంటు వచ్చారు. సారు పిల్ల పుస్తకం తీసుకుని చదివి, ఆ చివరి మగవాళ్ల మంచాల దాకా వినపడేటట్టు అడిగాడు.

"ఏమమ్మా, పైన మోకాళ్లని ఉంది, కింద రక్తస్రావమని ఉంది. ఇందులో నీ జబ్బు ఏది?"

చిన్నమ్మ నా వైపు చూసింది. మేడం కూడా నా వైపు చూసింది. ఆమె చూపులో, నువ్వు తెచ్చిన మనిషి, నువ్వే సర్దు అని ఉంది.

"సార్, మా దిక్కు ఆడోళ్లింతే సార్" అన్నాను. "సంతకు పోతే అన్నీ బేరం చేస్తారు, డాక్టరు కనపడితే అన్ని జబ్బులూ చెప్తారు. ఇంగ కాసేపు ఈడనే ఉంటే ఈయమ్మ పురిటి నొప్పులని గూడా అంటాది."

వార్డు వార్డంతా నవ్వింది. సారు నవ్వాడు. సెలైన్ అంటించుకున్నవాళ్లు గొట్టాలు ఊడేటట్టు నవ్వారు. చిన్నమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి, పక్కకు తిరిగి గోడవైపు పడుకుంది.

మేడం కళ్లకు భయపడ్డానని, సిగ్గుపడ్డానని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. అవి సాకులు. నవ్వించే సందు కనపడింది, దూరాను. అంతకంటే ఏమీ లేదు. ముసలాయన్ను వెనక దాచిన మేడంను చూసి రోత పడ్డ నేను, ఆమె కంటే బాగా ఆ పని చేశాను.

పుస్తకంలో ఆ చివరి వరుసను మేడం మగ్గం పిల్ల చేతనే కొట్టేయించింది. సాయంత్రం అందరినీ ఆటోలోకి ఎక్కిస్తుంటే ఆ పిల్ల గేటు దాకా వచ్చింది.

"అన్నా, పెద్దమ్మను పెద్దాసుపత్రికి తీస్కపో. ముట్టు నిల్సినాక కనపడితే ఊరికే ఇడిసిపెట్టేది కాదు."

"తనిఖీ అయిపాయ గదా పాపా, ఇంగా రోగిని ఇడిసిపెట్టవా?"

"ఆమె నటించలేదన్నా. పోతా పోతా చెప్పేదే నిజమని నువ్వే గదా చెప్పింది."

ఆటో స్టార్టు చేశాను.

నెలలు గడిచాయి. చిన్నమ్మ ఇంటికి రోజూ పోయేవాణ్ణి. అడగాలనుకునేవాణ్ణి. ఎట్లడగాలి? ఊరందరినీ నోటితో నవ్వించేవాడికి ఆ ఒక్క ప్రశ్నకు నోరు పెగల్లేదు. చిన్నమ్మ ఆటోలో నలుగురి మధ్య కూర్చోవడం మానేసింది. వెనక చెక్కమీద, గాలి వచ్చే వైపు కూర్చునేది. పెళ్లి భోజనాలకు పిలిస్తే మోకాళ్లు బాగాలేవనేది. నేను నేర్పించిన జబ్బును నాకే చెప్పేది.

దీపావళి పోయాక, బిందె ఎత్తబోయి ఆమె వాకిట్లో కూలబడింది. నిలబడ్డ చోట నేల తడిసింది. బిందె నీళ్లలో కలిసిన నెత్తురు చూశాను. ఇక ఆలోచించలేదు. ఆటోలో వేసుకుని సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లాను.

అక్కడ కిటికీ వెనక ఒక నర్సమ్మ. ఆమె ముందు వంద మంది వరుస. ఆమెకు తల ఎత్తే తీరిక లేదు, ఎత్తే మనసూ లేదు.

"ఏమైతాంది? బిరీన చెప్పు, వెనక జనముండారు."

చిన్నమ్మ వెనక్కి చూసింది. వరుసలో మగవాళ్లున్నారు. "మోకాళ్ల నొప్పులమ్మా" అంది.

"చిన్నమ్మా, అసలుది చెప్పు" అన్నాను నేను చెవి దగ్గర.

"అదే అసలుది" అంది.

నొప్పి బిళ్లలిచ్చి పంపించారు. ఆ నర్సమ్మను తిట్టుకుంటూ మెట్లు దిగాను. ఎక్కువ దూరం తిట్టలేకపోయాను. చిన్నమ్మ నోటికి తాళం వేసింది ఆమె కాదు.

మర్నాడు నర్సింగ్ బడి హాస్టలుకు పోయాను. మగ్గం పిల్ల వచ్చి గేటు అవతల నిలబడింది. జరిగింది చెప్పాను. "నాతో చెప్పదు పాపా. నువ్వొస్తే చెప్తాదేమో" అన్నాను. తిట్టకుండా "ఆదివారం వస్తా" అంది.

వచ్చింది. నన్ను బయటికి పొమ్మని తలుపు వేసుకుంది. చాలాసేపటికి ఇద్దరూ బయటికొచ్చారు. చిన్నమ్మ ఉతికిన చీర కట్టుకుని ఉంది. "నాతో పాటు ఈ పాప వస్తేనే పోదాం" అంది నాతో, నా మొహం చూడకుండా.

సోమవారం టౌన్లో ఆడడాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్లాం. చిన్నమ్మను తెర వెనక్కి తీసుకెళ్లారు, పిల్ల కూడా వెళ్లింది. నేను తెర ఇవతల ఆమె చెప్పులు పట్టుకుని నిలబడ్డాను. లోపల చేతి తొడుగులు లాగిన చప్పుడు, ఇనుప ట్రేలో ఏదో వేసిన చప్పుడు. వాసన తెరదాటి వచ్చింది. ముక్కు మూసుకోబోయి చెయ్యి దించుకున్నాను.

"ఇంత ముదరబెట్టుకున్నావేమమ్మా?" అంది డాక్టరమ్మ. "ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పినా మేడం."

"చెప్తే?"

"నగినారు."

"ఎవరు?"

నేను చెప్పులు ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాను.

"మనోళ్లేలే మేడం" అంది చిన్నమ్మ.

డాక్టరమ్మ బయటికొచ్చి బల్ల ముందు కూర్చుని కాగితం తీసింది. నన్ను ఏమవుతావని అడిగింది. కొడుకునని చెప్పాను.

"ఎప్పటినుంచి ఉంది ఆమెకు?"

"ఉగాది నుంచి మేడం."

"నీకు తెలిసింది ఎప్పుడు?"

మగ్గం పిల్ల తెర పక్కన నిలబడి నన్నే చూస్తోంది. ఆ పిల్ల అడ్డుపడలేదు. జవాబు కోసం చూసింది.

"శ్రావణంలో" అన్నాను.

"ఇప్పుడు కార్తీకం."

"అవును మేడం."

డాక్టరమ్మ బెంగుళూరు క్యాన్సరాసుపత్రికి చీటీ రాసింది. గర్భసంచి దాటి పాకిందని, ఆపరేషనుకు వేళ మించిందని, కరెంటు, అదే రేడియేషన్, పెట్టించాలని చెప్పింది. పెట్టించాం. దాంతో చిన్నమ్మ రెండేళ్లు బతికింది. ఆ రెండేళ్లలో ఆ వార్డు సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేను ఏదైనా ఎగతాళి మాట అంటే మాత్రం, అందరూ నవ్వాక, ఆమె లేచి లోపలికి పోయేది.