సెల్లి పీహెచ్‌డీకి సంతకం

నేను అయిదో తరగతితో ఆపీసి రాయగడలో మా బియ్యం కొట్లో కూకున్నాను. మా సెల్లి మాత్రం యూనివర్సిటీలో కెమిస్ట్రీ పీహెచ్‌డీ సేసింది. అంతా రాసిచ్చీసినా దాని గైడు సంతకం పెట్టడే. "ఇంకొక్క ప్రయోగం సెయ్యమ్మా" అంటాడు. లేబు సర్దడం, కొత్తోళ్లకి నేర్పడం, ఆయన బదులు పాఠం సెప్పడం అన్నీ ఇదే మరి.

సెలవుకొచ్చి ఏడిసింది.

"ఏడుపెందుకే అమ్మీ? బాగా పన్జేసే గుమాస్తాని నేను మాత్రం వదుల్తానేటి? పని పాడుసెయ్యి, ఆయనే పంపీస్తాడు."

"సిగ్గులేదేటన్నయ్యా, అలాటి సలహాలిస్తావు!" అంది.

అంటే అంది గాని, ఎల్లి ఆయన బీరువాలో దాసుకున్న ఖరీదైన గాజు సామాను బద్దలుగొట్టింది. మర్నాడే పిలిసి సంతకం పెట్టేడు.

"ఇంక నీకు నేర్పడానికి నా దగ్గరేటీ లేదమ్మా" అన్నాడంట.